సమాప్తం లేని సీరియల్

మా ఇంట్లో పరుపుచుట్ట కట్టే తాడుకి రెండు చివర్లా చెక్క పిడులుంటాయి. అదేం తాడని వచ్చిన చుట్టాలు అడుగుతూనే ఉంటారు. అది స్కిప్పింగ్ తాడండీ. తొమ్మిదేళ్ళ కిందట కొన్నాను. పదకొండు రోజులు గెంతాను. పన్నెండో రోజు మా పెద్దాడికి జ్వరం వచ్చింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది గానీ తాడు మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు. అలాగే ఒక యోగా చాప ఉంది. ఎండాకాలంలో దాని మీద వడియాలు పెడతాం, చక్కగా ఊడొస్తాయి. రెండేసి కిలోల డంబెల్స్ జత ఒకటుంది. అవి గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపుతాయి. చూశారూ, మా ఇంట్లో ఏ వస్తువూ వృథా పోదు!

వీటిలో ప్రతిదీ ఒక పుస్తకం వెంటబెట్టుకుని మా ఇంట్లోకొచ్చింది. తాడుతో ఒకటి, చాపతో ఒకటి, బరువులతో ఒకటి. వస్తువులు ఏదో ఒక పనిలో కుదురుకున్నాయి. పుస్తకాలు మాత్రం అలమరా పై అరలో నన్ను చూసి వెక్కిరిస్తూ కూర్చున్నాయి. "నీకు పట్టుదల లేదమ్మా" అని వాటి అట్టలే అంటున్నట్టుండేది. నేనూ అది నిజమేననుకున్నాను. మీలో చాలామంది కూడా మీ గురించి అలాగే అనుకుంటూ ఉంటారని నాకు తెలుసు.

పోయినేడాది శ్రావణమాసంలో మా అమ్మ మా ఇంటికొచ్చింది. ఆవిడకి డెబ్భై ఒకటి. వరలక్ష్మీ వ్రతం పూట పీట మీద కూర్చుని కథంతా చదివింది. అక్షింతలు వేసి లేవబోయింది, లేవలేకపోయింది. ఒకసారి, రెండుసార్లు ప్రయత్నించి మా తోడికోడలి వంకా నా వంకా చూసింది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆవిడ నవ్వేసి, "పీట మీంచి లేపడానికే ఇద్దరు కావాల్సొచ్చారు. ఆఖర్న మోయడానికి ఆ నలుగురూ చాలరేమోనే!" అంది. పేరంటాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం వంటింట్లో కింది అరలోంచి మూకుడు తీసి లేస్తూ, గట్టు పట్టుకున్న నా చేతిని చూసుకున్నాను. నాకింకా నలభై ఆరే. నేనెప్పటినించీ గట్టు పట్టుకుని లేస్తున్నానో నాకే తెలియదు.

ఆ రాత్రి పై అరలో పుస్తకాలన్నీ కిందికి దించాను. ఈసారి వాటిని శిష్యురాలిలా చదవలేదు. నవలలు రాసుకుని బతికేదాన్ని కదా, నవలల్ని చదివినట్టు చదివాను. కథ ఎక్కడ మొదలైంది, పాత్రలెవరు, మలుపెక్కడ, ముగింపు నమ్మించేలా ఉందా అని. అప్పుడు తెలిసింది, లోపం నా పట్టుదలలోనే కాదు, వాళ్ళ కథనంలోనూ ఉందని!

ముందు కథాంశం సంగతి చూడండి. ఈ పుస్తకాల్లోనూ, ఇప్పుడు వాటి చోటికొచ్చిన ఫోను వీడియోల్లోనూ ఉండేది ఒకటే కథ. రెండు ఫోటోలు పక్కపక్కన ఉంటాయి. ఎడంపక్క ఫోటోలో ఒకావిడ దిగులుగా, లావుగా, జుట్టు చెదిరి ఉంటుంది. కుడిపక్క ఫోటోలో అదే ఆవిడ సన్నగా, నవ్వుతూ ఉంటుంది. "అప్పుడు" "ఇప్పుడు" అని కింద రాస్తారు. అంటే మొదటి ప్రకరణం, చివరి ప్రకరణం మాత్రం అచ్చువేసి, మధ్య ముప్ఫై ప్రకరణాలూ చింపేసి మన చేతికిచ్చారన్నమాట. ఏ సంపాదకుడైనా అలాంటి నవల తీసుకుంటాడా? మనకి కావాల్సిందల్లా ఆ మధ్యదే. ఆవిడ ఏ రోజున మానేసింది? మానేసి మళ్ళీ ఎలా మొదలుపెట్టింది? ఆవిడ నడకకి వెళ్ళినప్పుడు పొయ్యి మీద పాలు ఎవరు చూశారు? అది చెప్పరు.

పైగా కుడిపక్క ఫోటోతో కథ అయిపోతుంది, పాత సినిమాల్లో పెళ్ళితో అయిపోయినట్టు. అసలు కష్టమంతా పెళ్ళి తరవాతేనని మనకి తెలీదూ? వ్యాయామమూ అంతే. కుడిపక్క ఫోటో తీయించుకున్న మర్నాడు ఆవిడ లేచి ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న.

రెండోది, కాలం. నవలలో కాలం నడపడం కష్టమని రాసేవాళ్ళందరికీ తెలుసు. ఈ పుస్తకాలు దాన్ని ఒక్క అంకెతో దాటేస్తాయి. "21 రోజులు చేస్తే చాలు, అలవాటైపోతుంది" అంటాయి. ఈ అంకె ఎక్కడిదా అని వెతికాను. దీని మూలం సాధారణంగా అమెరికాలో మాక్స్‌వెల్ మాల్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో అచ్చువేసిన ఒక పుస్తకంలో చూపిస్తారు. శస్త్రచికిత్స అయిన మనిషి అద్దంలో తన కొత్త ముఖానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. గమనించారా, ఆయనన్నది "కనీసం" అని. చేతులు మారేకొద్దీ ఆ "కనీసం" రాలిపోయింది. ముక్కుకి అలవాటు పడడమూ, తెల్లవారుజామున లేచి నడవడానికి అలవాటు పడడమూ ఒకటేననీ లోకం నమ్మేసింది.

లండన్‌లో ఫిలిపా లాలీ అనే ఆవిడా, సహచరులూ 96 మంది మీద చేసిన పరిశీలన 2010లో వచ్చింది. రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న పని చేస్తూ పోతే అది ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. అంచనాలు మనిషికీ మనిషికీ 18 రోజుల నించి 254 రోజుల దాకా తేడాగా వచ్చాయి. అన్నింటికన్నా నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. మధ్యలో ఒక్క రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోలేదట! ఈ ఒక్క వాక్యం నా తాడుతో పాటు వచ్చిన పుస్తకంలో ఉండి ఉంటే, పన్నెండో రోజు తరవాత పదహారో రోజున మళ్ళీ గెంతేదాన్ని కదా. దాంట్లో ఉన్నదేమిటంటే "ఒక్కరోజు కూడా మానకండి" అని. నేను బుద్ధిమంతురాలిని. ఒకరోజు మానేసరికి వ్రతభంగమైందనుకుని మొత్తం వదిలేశాను.

పదివేల అడుగుల కథా ఇంచుమించు ఇంతే. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ మరుసటేడు జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అదొక వస్తువు పేరండీ! మనం దాన్ని వేదవాక్యం చేసుకున్నాం. అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలోనే మరణాల రేటు బాగా తక్కువగా కనిపించింది. 7,500 దాటాక ఆ తగ్గుదల అక్కడికక్కడే నిలిచిపోయింది. మా పక్కవాటా ఆవిడ రాత్రి పదింటికి హాల్లో సోఫా చుట్టూ తిరుగుతుంటే ఏమిటా అనుకునేదాన్ని. పదివేలకి ఇంకా తొమ్మిది వందలు తక్కువయ్యాయట. పాపం, ఆవిడ కాళ్ళు నొక్కుకుంటూ వస్తువు పేరుకి ప్రదక్షిణలు చేస్తోంది.

అయితే ఈ సాహిత్యమంతా ఇంతేనా? కాదు. మంచివీ ఉన్నాయి. రెండింటి గురించి చెప్పాలి.

మొదటిది మా నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన పాత పెంగ్విన్ పుస్తకం. కెనడా వైమానిక దళం తయారుచేసిన వ్యాయామ పథకం అది. మగవాళ్ళకి రోజుకి 11 నిమిషాలు, ఆడవాళ్ళకి 12. ఆ ఒక్క నిమిషం మనకెందుకు ఎక్కువ వేశారో గానీ, ఇంటా బయటా మనకి ఒక పని ఎక్కువే కదా అని నవ్వొచ్చింది. ఆడవాళ్ళ పథకంలో పది వ్యాయామాలూ, నాలుగు పట్టికలూ, ఒక్కో పట్టికలో 12 మెట్లూ, వెరసి 48 మెట్లు. అడుగున ఉన్న మెట్టు ఎంత సులువంటే, "ఇదీ ఒక వ్యాయామమేనా?" అనిపిస్తుంది. అక్కడే ఉంది దాని గొప్పతనం. మొదటిరోజే మనల్ని ఓడించదు. ఎవరి వయసుకి ఎంతవరకూ ఎక్కితే చాలో కూడా చెబుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, మధ్యలో మానేసినవాళ్ళని తిట్టదు. కొన్ని మెట్లు దిగి మళ్ళీ మొదలుపెట్టమంటుంది. మనిషన్నాక మానేస్తుందని ముందే ఊహించి రాసిన పుస్తకం అది. వైమానిక దళం తెచ్చింది గానీ అందులో అమ్మమ్మ మనసుంది.

లోపమల్లా ఒకటే. ఆ పన్నెండు నిమిషాల్లో ఎవరూ తలుపు కొట్టరు. పాలవాడు రాడు, కుక్కర్ కూత వెయ్యదు, "అమ్మా, నా సాక్సేవీ?" అన్న కేక వినపడదు. పదో వ్యాయామం నిలబడ్డచోటే పరుగెత్తడం. మూడో అంతస్తులో నేనా పని చేస్తే కింది వాటా వాళ్ళు పైకొచ్చి, "ఏమండీ, ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగారు.

రెండోది జపాన్ నవలాకారుడు హారుకి మురకామి 2007లో తన పరుగు గురించి రాసుకున్న పుస్తకం. 1982లో, ముప్ఫై మూడేళ్ళ వయసులో ఆయన పరుగు మొదలుపెట్టాడు. తరవాత ఏళ్ళ తరబడి మారథాన్లు పరిగెత్తాడు. 1996లో ఒకసారి నూరు కిలోమీటర్లు పరిగెత్తాడు. నేను చదివినవాటిలో ఇదే ఉత్తమం, ఎందుకంటే ఇందులో కుడిపక్క ఫోటో లేదు. ఎంత పరిగెత్తినా వయసొచ్చేకొద్దీ తన వేగం తగ్గిపోతోందని ఆయన దాచుకోకుండా రాశాడు. తగ్గుతోందని తెలిసీ ఎందుకు పరిగెత్తాలన్నదే ఆ పుస్తకానికి ప్రాణం. విసుగునీ, నొప్పినీ, ఓటమినీ అంత నెమ్మదిగా రాయడం మాటలు కాదు. రాసేవాళ్ళకైతే అదొక పాఠం.

కానీ చదువుతున్నంతసేపూ నాకో చిన్న అసూయ. ఆయన ఉదయం ఆయనది. తెల్లవారకముందే లేచి రాసుకుంటాడు, పరిగెత్తుకుంటాడు. ఆ ఉదయాన్ని ఎవరి దగ్గర్నించీ అడిగి తెచ్చుకోనక్కర్లేదు. మనం తెల్లవారుజామున నాలుగింటికి లేచినా సరే, ఆ నాలుగ్గంటలు కూడా డబ్బాల్లోకి సర్దాల్సిన కూరే. ఆయన పుస్తకానికి అది లోపమని నేననను. ఆయన తన జీవితం తాను రాసుకున్నాడు. దాన్ని మనకి ఆదర్శంగా చేతికిచ్చేవాళ్ళు మాత్రం, కథానాయకుడి ఇంటి నకలు కూడా ఇవ్వాలి కదా!

ఇక మన సంగతికొద్దాం. మన తెలుగు కథల్లో, నవలల్లో ఆడదాని ఒళ్ళు ఎక్కడుంది? అందంగా అయితే పేజీలకి పేజీలుంది. జడ ఉంది, నడుముంది, నడకుంది. ఆ నడుము ఎత్తడానికో, ఆ కాళ్ళు పరిగెత్తడానికో ఉన్నట్టు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. వారపత్రికల సీరియల్ నాయికలు బస్సు తప్పిపోతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు గానీ పరిగెత్తి పట్టుకోలేదు. ఇందులో నేనూ ముద్దాయినే. నేనింతవరకూ ఆరు నవలలు రాశాను. ఒక నవల చదివిన పాఠకురాలొకావిడ ఉత్తరం రాసింది. "మీ కథానాయిక మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళి, వెంటనే గుక్కతిప్పుకోకుండా పేజీన్నర సంభాషణ చెప్పిందండీ. ఆవిడకి ఆయాసం రాదా?" అని. నాకు సిగ్గేసింది. ఆరు నవలల్లో ఒక్కత్తెకీ ఆయాసం రాలేదు. నలభై దాటిన పాత్రలకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, అవీ హాస్యానికే వాడుకున్నాను.

లోతుగా చూసినవాళ్ళు లేకపోలేదు. అబ్బూరి ఛాయాదేవి గారి "బోన్సాయ్ బ్రతుకు" మీలో చాలామంది పాఠ్యపుస్తకాల్లోనో పత్రికల్లోనో చదివే ఉంటారు. కుండీలో కొమ్మలు కత్తిరించి, మరుగుజ్జుగా పెంచిన చెట్టుకీ, వీధిలో ఎండకీ వానకీ ఎదిగి నలుగురికీ నీడనిచ్చే తురాయి చెట్టుకీ ఉన్న తేడా చూపించి, ఆడపిల్లని పెంచే తీరు ఏమిటో చెప్పకుండానే చెప్పారావిడ. మనమంతా దాన్ని చదువు గురించీ, స్వేచ్ఛ గురించీ చదువుకున్నాం. ఈమధ్య మళ్ళీ చదివితే నాకు అక్షరాలా ఒంటి కథలా కనిపించింది. తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, ఎన్ని గెంతులు గెంతామండీ చిన్నప్పుడు! ఒకరోజు ఉన్నట్టుండి "పెద్దదానివయ్యావు, ఇంక గెంతకు" అన్నారు. కత్తెర పడ్డది అక్కడే. మా తమ్ముడి ఆటలు ఆ తరవాత ఇరవై ఏళ్ళు సాగాయి. ముప్ఫై ఏళ్ళ తరవాత డాక్టరు గారు "ఎక్సర్‌సైజు మొదలుపెట్టండమ్మా" అంటే మనం ఎక్కడినించి మొదలుపెట్టాలి? తొక్కుడుబిళ్ళ ఆపిన గడి దగ్గర్నించే కదా!

పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథలో ఒక ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ, ముగ్గులు పెట్టీ పెట్టీ తన పేరు మర్చిపోతుంది. ఆ పేరు కోసం వెతుక్కుంటూ పోతుంది. పోయిందని తెలిసింది కనక వెతుక్కుంది. ఒళ్ళు పోతే ఆ పోవడం కూడా తెలియదు. గట్టు పట్టుకుని లేవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియలేదని చెప్పాను చూడండి, అది. 1993లో వచ్చిన ఓల్గా గారి "రాజకీయ కథలు" చూడండి. "సీత జడ", "కళ్ళు", "ముక్కుపుడక" అంటూ ఆ కథల పేర్లే మన ఒంటి చుట్టూ తిరుగుతాయి. ఒంటి గురించిన మాట మన ఒక్కరి సొంత గొడవ కాదని ఆవిడ ఆనాడే పేరు పెట్టి మరీ చెప్పారు. వ్యాయామం పుస్తకాలు రాసేవాళ్ళు ఈ మూడూ చదివి రాస్తే ఎంత బావుండును!

మా చిన్నప్పుడు మగపిల్లలకి కోడి రామమూర్తి గారి కథలు చెప్పేవారు. గుండె మీద ఏనుగునెక్కించుకున్నాడని కళ్ళు పెద్దవి చేసి చెప్పేవారు. మేము వంటింటి గుమ్మంలోంచి వినేవాళ్ళం. అదే శ్రీకాకుళం ప్రాంతం నించి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లోనూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడ. ఆవిడ మీద ఒక్క నవలైనా నేను రాయలేదేం? నీళ్ళ బిందె కంటే బరువైనది ఆడది ఎత్తుతుందని నా ఊహకే తట్టలేదు మరి.

ఇక్కడ మా పిన్ని మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. నేనిదంతా చెబితే ఆవిడ, "చాల్లేవే! పొద్దున్న లేచినప్పట్నించీ కాలు కింద పెట్టకుండా తిరుగుతున్నాం. ఇంకా ఎక్సర్‌సైజేమిటే మన మొహాలకి?" అంది. ఈ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. దేశంలో ఎవరు రోజూ దేనికి ఎంత కాలం ఖర్చు పెడుతున్నారని 2019లో ప్రభుత్వం సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టేవారు. చేసే మగవాళ్ళు 97. మరోపక్క, 2024లో లాన్సెట్ పత్రికల్లో ఒకదాంట్లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్ళు నూటికి 57 మంది, మగవాళ్ళు 42 మంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. అన్నేసి గంటలు పని చేసేవాళ్ళకి శ్రమ చాలట్లేదంటారా!

చిక్కెక్కడంటే, అలసట వేరు, బలం వేరు. ఇంటిపనిలో చాలాభాగం నిలబడి చేసేదే. గట్టు ముందు మూడుగంటలు నిలబడితే కాళ్ళు పీకుతాయి, నడుం లాగుతుంది. కానీ గుండె వేగం పుంజుకోదు, తొడల కండరానికి మునుపటికన్నా ఎక్కువ బరువు పడదు. గిన్నెలు తోమినా బట్టలు మడిచినా కదిలేవి ఎప్పుడూ ఆ కీళ్ళే. మా అమ్మ జీవితమంతా చాకిరీ చేసింది. అయినా పీట మీంచి లేవలేకపోయింది. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది. ముట్లుడిగాక ఎముకల బలం మరింత తొందరగా తగ్గుతుంది. అందుకే 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట రెండు భాగాలుగా ఉంది. వారానికి 150 నించి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఒకటి, వారంలో కనీసం రెండురోజులు కండరాలకి బలమిచ్చే పని ఇంకోటి. మనవాళ్ళు నడక దగ్గరే ఆగిపోతారు. రెండోది మగపిల్లల వ్యవహారమనుకుంటారు. అదే ప్రకటనలో ఇంకో మంచిమాట, ఎంత కొద్దిసేపు కదిలినా అది లెక్కలోకొస్తుందని. పది నిమిషాలకి తక్కువైతే దండగ అన్న పాత నియమం ఎత్తేశారు.

సరే, విమర్శ అయింది. "మరి నువ్వేం చేశావమ్మా?" అంటారా? ఏడాది దాటింది. ఇప్పుడు చెప్పినా దిష్టి తగలదనుకుంటాను.

నేను చేసిందల్లా నా వృత్తి ధర్మాన్ని నా ఒంటికి వర్తించుకోవడం. వారపత్రికకి సీరియల్ రాసేవాళ్ళకి ఒక సూత్రం తెలుసు. సీరియల్ ఒకేసారి రాసేది కాదు. వారానికి నాలుగు పేజీలు. ప్రతి వారమూ అద్భుతంగా ఉండక్కర్లేదు, ప్రతి వారమూ ఉండాలి. ఏదైనా ఒక వారం రాయలేకపోతే "అనివార్య కారణాల వల్ల ఈ వారం ప్రచురించలేకపోతున్నాం" అని ఒక చిన్న డబ్బా వేస్తారు. పాఠకులు క్షమిస్తారు. రెండో వారం కూడా రాకపోతేనే కథ మర్చిపోతారు. అంతకన్నా పెద్ద శాస్త్రం నాకక్కర్లేకపోయింది. ఒకరోజు తప్పితే చిన్న డబ్బా వేసుకున్నాను. వరసగా రెండోరోజు తప్పకుండా చూసుకున్నాను.

ఇంక వేళ. తెల్లవారుజామున లేస్తానన్న ప్రతిజ్ఞ మానేశాను. ఎలాగూ ఆగకుండా జరిగే పనికి దాన్ని ముడిపెట్టాను. పొద్దున్న కుక్కర్ పొయ్యి మీద పెట్టి మూడు కూతలు వచ్చేదాకా ఎలాగూ కాచుక్కూర్చోవాలి. ఆ కాసేపూ భోజనాల బల్ల కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, అంటే కుర్చీ బస్కీలన్నమాట. మొదటివారం నాలుగు. ఆ తరవాత గోడకి చేతులానించి దండీలు, గోడ కనక పదైనా చెయ్యగలిగాను. డంబెల్స్‌ని తలుపు దగ్గర్నించి విడుదల చేసి వారానికి రెండురోజులు ఎత్తాను. తలుపుకి ఇప్పుడు రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టాం. మోకాళ్ళో గుండో బాగాలేనివాళ్ళు మాత్రం మొదలుపెట్టేముందు డాక్టరునడగండి. నేను రచయిత్రిని, వైద్యురాలిని కాదు.

సాయంత్రం నడక. ఇదే అన్నింటికన్నా కష్టమైంది. నడవడం కష్టమని కాదు, నడవడానికి వెళ్ళడం కష్టం. సాయంత్రం ఆరుంపావు నించి ఏడింటి దాకా నేనింట్లో ఉండనని ఇంట్లో వాళ్ళందరికీ చెప్పాల్సొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క వాక్యం పలకడానికి నాకు ఏ నవల ముగింపు రాయడానికీ పట్టనంత కాలం పట్టింది. మావారు "దానికేం, వెళ్ళు" అన్నారు. మర్నాడు నేను చెప్పులేసుకుంటుంటే, "మరి కాఫీ?" అన్నారు. "డికాక్షన్ దింపి ఉంది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి" అన్నాను. పదిరోజులు ఆయన కాఫీ పొంగించారు. పదకొండో రోజునించి పొంగలేదు. లాలీగారి లెక్క ప్రకారం ఆయనకి అలవాటు త్వరగానే పట్టిందన్నమాట.

ఇది చెప్పడానికి చిన్న సంగతే. కానీ వ్యాయామం పుస్తకాలన్నీ చింపేసిన ఆ మధ్య ప్రకరణాలు ఇవే. పట్టుదల మన ఒంట్లోంచి ఊరే ఊట ఏం కాదు. పాలు ఎవరో ఒకరు చూస్తుంటే వచ్చే బలం అది. ఇంట్లో నలుగురూ నలభై అయిదు నిమిషాలు సర్దుకుంటేనే ఒకావిడకి పట్టుదల వస్తుంది. అలా సర్దుకునే ఇల్లు లేనివాళ్ళున్నారు. వాళ్ళని "బద్ధకం" అని రాసే పుస్తకం ఎంత అందమైన బొమ్మలతో వచ్చినా అది చెడ్డ పుస్తకం. విమర్శకురాలిగా నా తీర్పు ఇదే.

మధ్యలో తప్పలేదా అంటే తప్పింది. పిల్లాడి పరీక్షలకి తొమ్మిది రోజులు, అమ్మకి నిమోనియా వచ్చినప్పుడు మూడు వారాలు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఇరవై బస్కీల దగ్గర్నించి ఎనిమిదికి దిగాను, ఆ కెనడా పుస్తకం చెప్పినట్టు. దిగడం ఓడిపోవడం కాదని నలభై ఏడో ఏట తెలుసుకున్నాను. బరువు ఎంత తగ్గారని అడుగుతారు, నాకు తెలుసు. ఏడాదికి కిలోంబావు. కుడిపక్క ఫోటోకి పనికిరాను. కానీ కింది అరలోంచి మూకుడు తీసి గట్టు ముట్టుకోకుండా లేస్తున్నాను.

అమ్మకి కూడా నేర్పాను. ఎత్తుగా దిండేసిన కుర్చీలో కూర్చోపెట్టి లేవమన్నాను. "ఈ వయసులో నాకు గుంజీలేమిటే, నేనేం తప్పు చేశాను?" అంది. వినాయకుడి ముందు తీస్తావు కదా అలాగే అనుకో అన్నాను. అప్పుడొప్పుకుంది. నెలకో దిండు చొప్పున తీసేశాను. ఈ శ్రావణంలో పీట మీద కూర్చుని వ్రతకథ చదివింది. అక్షింతలు వేశాక అందరం ఊపిరి బిగబట్టి చూశాం. తోడికోడలు చెయ్యందించబోతే వారించి, ఒక చెయ్యి నేలకానించి, కాస్త తూలి, లేచి నిలబడింది. పేరంటాళ్ళకేం అర్థం కాలేదు గానీ మేం ముగ్గురం నవ్వుకున్నాం.

"నలుగురి మాట ఏం చేశావమ్మా?" అన్నాను.

"వాళ్ళని కొన్నాళ్ళాగి రమ్మన్నానే" అంది.

అదుగో, కుక్కర్ మొదటి కూత వేసింది. నాకు ఇరవై రెండున్నాయి. ముగింపు వాక్యం కోసం ఆగితే కూతలన్నీ అయిపోతాయి. అసలీ కథకి ముగింపు ఉండకపోవడమే మంచిది.

(ఇంకా ఉంది)